గోధుమ పడని బిడ్డకు మాంసము కొనుట

మాంసము తినెడి వారి యిండ్లలో ఆదివారమునాడు కూరకుండ పొయ్యిమీది కెక్కని యిల్లు మన తెలంగాణములో అరుదు. దసరా, బోనాలు, పెండ్లి, పురుడు వచ్చినచో చెప్పనక్కఱయే లేదు. ఏది లేతమాంసమో, ఏది ముదురో, నల్లకు ఎంత నూనె పట్టునో, బోటి ఎట్లు కడుగవలయునో మన గృహిణులకు ఒకరు నేర్పవలసిన పని లేదు. కాని యీ నడుమ కొన్నియిండ్లలో ఒక క్రొత్త ప్రశ్న పుట్టినది: “ఈ మాంసమునకు గోధుమపిండి తాకలేదుగదా?” వినువారికి ఇది వింతగా తోచును. మేకకును గోధుమకును సంబంధ మేమి? అయినను ఆ ప్రశ్న నడిగెడి తల్లి వెఱ్ఱిది కాదు. ఆమె బిడ్డ యారోగ్యము ఆ ప్రశ్నపై ఆధారపడి యున్నది. ఇబ్రహీంపట్నము వంటి ఊరిలో, రంగారెడ్డి జిల్లా వంటి జిల్లాలో, అట్టి తల్లి మాంసమును ఎక్కడ కొనవలయునో, ఎట్లు కొనవలయునో యీ వ్యాసమున విచారింపదలచితిమి.

ఏమిటీ జిగట?

గోధుమపిండిని ముద్దగా కలిపి, గిన్నెడు నీటిలో మెల్లమెల్లగా పిసికి కడిగినచో తెల్లని గంజి నీటితో పోయి, చేతిలో రబ్బరువలె సాగెడి జిగటముద్ద యొకటి మిగులును. సోదరీమణులు ఇంటిలోనే దీనిని చేసి చూడవచ్చును. ఈ జిగటకే గ్లూటెన్ అని పేరు. చపాతీ చిరుగక సాగుటకును, డబల్ రొట్టె గుల్లగా పొంగుటకును ఇదియే కారణము. గోధుమలోనే కాక యవలలోను, రై యను ధాన్యములోను ఇది కలదు. మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమియా మొదలగునవి గోధుమసంతానమే గాన వానిలోను కలదు. బియ్యము, జొన్నలు, సజ్జలు, కొఱ్ఱలు, రాగులు అనగా తైదలు, మొక్కజొన్న, పప్పుదినుసులు వీనిలో ఇది లేదు. పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసము వీనిలోను స్వభావముచేత లేదు. ఈ చివరిమాటను పాఠకురాండ్రు జ్ఞప్తియందుంచుకొన వలయును. ఏలయన మాంసము నిర్దోషి. దోషము దారిలో వచ్చి చేరును.

ఈ జిగట మనలో చాలమందికి ఏ హానియు చేయదు. కాని కొందఱికి పుట్టుకతో వచ్చిన దేహతత్త్వమును బట్టి, గ్లూటెన్ కడుపులోనికి పోగానే దేహరక్షణశక్తి తన చిన్నప్రేగు మీదనే తిరుగబడును. చిన్నప్రేగు లోపల మఖమలు గుడ్డమీది నూగువలె సన్నని మొలకలు లక్షలకొలది యుండును. అన్నసారమును పీల్చి రక్తమున కందించునవి ఇవియే. తిరుగబాటువలన ఈ మొలకలు అణగి చదునైపోవును. ఇక బిడ్డకు ఎంత పెట్టినను ఒంట బట్టదు. విరేచనములు, కడుపుబ్బరము, పాలిపోయిన ముఖము, ఎదుగని యొడలు ఇవి సామాన్య లక్షణములు. ఆడపిల్లలకు రజస్వల యగుట ఆలస్యము కావచ్చును. స్త్రీలకు ఎంత ఇనుపమందు త్రాగినను తగ్గని రక్తహీనత, ఎముకల బలహీనత, ఒక్కొక్కప్పుడు గర్భస్రావములు కూడ కలుగవచ్చును. దీనిని వైద్యులు సీలియాక్ వ్యాధి యందురు. దీనికి మందు మాత్ర లేదు. గ్లూటెన్ జీవితాంతము మానుటయే మందు. మానిన పిల్లలు కొలదినెలలలోనే తేఱుకొని, కండపట్టి, తోడిపిల్లలవలె ఎదుగుట వైద్యులు నిత్యము చూచుచున్నారు.

గోధుమకును ఈ వ్యాధికిని గల సంబంధము బయటపడుట యొక కఠోరమైన కథ. హాలండు దేశమున విల్లెం డికే అను శిశువైద్యుడు ఇట్టి పిల్లలకు చికిత్స చేయుచుండెను. రెండవ ప్రపంచయుద్ధపు చివర, 1944–45 శీతకాలమున ఆ దేశమున తీవ్రమైన కఱవు వచ్చి, రొట్టె దొఱకుట గగనమయ్యెను. లోకమంతయు చిక్కి శల్యమగుచుండగా ఈ పిల్లలు మాత్రము కోలుకొనిరి. తిరిగి రొట్టె రాగానే మరల జబ్బుపడిరి. ఎంతోకాలముగా గోధుమను శంకించుచున్న ఆ వైద్యుని యనుమానము దీనితో బలపడెను. అతడు తన పరిశోధనను 1950లో గ్రంథముగా ప్రకటించెను. నాటినుండియు ప్రపంచమంతట ఈ బిడ్డల పథ్యము ఇదియే.

మన దక్షిణదేశమున ఈ వ్యాధి తక్కువ. 2016లో ప్రకటితమైన యొక భారతీయ పరిశోధనలో ఉత్తరదేశమున వేయిమందిలో సుమారు పన్నెండుగురికి ఈ వ్యాధి కనబడగా, దక్షిణమున వేయింటికి ఒకరికి మాత్రమే కనబడెను. మనము అన్నము తినువారము, వారు రొట్టె తినువారు అగుటయే ఇందులకు ముఖ్యకారణముగా ఆ పరిశోధకులు తలంచిరి. కాని మన భోజనమును నేడు మాఱుచున్నది. మధుమేహము పేర రాత్రి చపాతీలు వచ్చినవి. ఉదయమున బొంబాయి రవ్వ ఉప్మా వచ్చినది. పిల్లలచేతికి బిస్కత్తులు వచ్చినవి. అంగన్‌వాడీలద్వారా పసివారికి పంచెడి బాలామృతములో సైతము గోధుమలు చేరియున్నవి. అవి యన్నియు ఆరోగ్యవంతులకు మంచివే. వేయింటికొక్క బిడ్డకు మాత్రము విషప్రాయములు. వేయింటికి ఒకరనగా తక్కువ యని తోచును. కాని ఆ యొక్క బిడ్డ మన యింటిదైనప్పుడు లెక్క వేఱు.

ఇచట నొక హెచ్చరిక. బిడ్డకు ఈ వ్యాధి యున్నదేమో యని తోచినచో మొదట పరీక్ష, తరువాత పథ్యము. రక్తపరీక్షయు, అవసరమైనచో చిన్నప్రేగు పరీక్షయు గోధుమ తినుచున్నప్పుడే చేయింపవలయును. ముందే మాన్పించినచో పరీక్షలో వ్యాధి దాగిపోవును. ఒక బిడ్డకు తేలినచో తోబుట్టువులకును చేయించుట మేలు. ఏ కారణమును లేక, పొరుగింటివారు మానిరని మనమును గోధుమ మానుట అవివేకము.

పిండి దారిలో ఎట్లు చేరును?

ఇక మన విషయమునకు వత్తము. బిడ్డకు గోధుమ పెట్టకుండుట కష్టమే కాదు; మన కూటికి మూలము బియ్యము, జొన్నరొట్టె. ఇబ్బంది యంతయు కనబడక చేరెడి పిండితోడనే. ఎంత పిండి యన ఎంత? ఈ లెక్కను పాఠకురాండ్రు ఒక్కమాఱు ఓపికతో వినవలయును.

ఒక గ్రాము గోధుమపిండిలో సుమారు 80 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉండును. ఈ రోగులు రోజునకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడునెలలు తినినచో ప్రేగునకు హాని కలుగునని 2007లో ఇటలీ వైద్యులు ప్రకటించిరి. రోజునకు 10 మిల్లీగ్రాములకు లోబడి యుండినచో చాలమందికి హాని యుండదని వైద్యుల యభిప్రాయము. పది మిల్లీగ్రాము లనగా గ్రాములో పదవవంతు పిండి, అనగా రెండువ్రేళ్ల కొనలకు అంటినంత. మన దేశపు ఆహారభద్రతా ప్రమాణముల సంస్థయు, అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణమును, కిలో యొక్కింటికి 20 మిల్లీగ్రాములకు మించని వస్తువునకే గ్లూటెన్ లేనిదని పేరుపెట్టుటకు అనుమతించుచున్నవి.

ఇప్పుడు అంగడిలో ఏమి జరుగునో చూతము. దుకాణదారుడు మైదాపిండి పూసిన కోడిముక్కలను తీసిన చేతితోనే అరకిలో మేకమాంసమును తూచి యిచ్చెననుకొందము. అతని చేతికిని కత్తికిని అంటిన పిండి యొక గ్రాము మాత్రమే మాంసమున కంటినది. ఆ యరకిలోలో 80 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూటెన్ చేరినది. కిలో లెక్కకు మార్చినచో 160 నుండి 200. పై ప్రమాణమునకు ఎనిమిది నుండి పది రెట్లు! బిడ్డ యందు నూఱు గ్రాముల మాంసము తినినచో 16 నుండి 20 మిల్లీగ్రాములు లోపలికి పోవును. ఒక్క పూటతోనే హద్దు దాటినది. తల్లికి తెలియదు, దుకాణదారునికి తెలియదు, బిడ్డ కడుపునకే తెలియును.

“ఉడికించినచో పోవును గదా” యని కొందఱందురు. పోదు. నిప్పు క్రిములను చంపును గాని గ్లూటెన్‌ను చంపదు. అది క్రిమి కాదు, ధాన్యములోని మాంసకృత్తు. ప్రెషర్ కుక్కరులో ఎన్ని కూతలు వచ్చినను అది యట్లే యుండును. చేతులకు పూసికొనెడి క్రిమినాశక ద్రవమును దీనికి పనికిరాదు. సబ్బును నీరును పెట్టి తోమి, కడిగి పంపివేయుటయే దారి. “ఇంటికి తెచ్చి కడుగుదుము గదా” యనువారును కలరు. పెద్దముక్క పైనంటిన పిండి కొంత పోవచ్చును. కాని కీమాలో కలిసినది, గీతలలో ఇంకినది పోదు. దానిని నమ్మి యుండరాదు.

నాలుగు తావులు

ఇబ్రహీంపట్నము హైదరాబాదునకు ముప్పది కిలోమీటర్ల దూరమున, నాగార్జునసాగరమునకు పోవు రహదారిమీద, పెద్ద చెఱువొడ్డున నున్న ఊరు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసినది. ఊరివలెనే అంగడియు పాతక్రొత్తల కలయిక. మాంసము కొనుటకు ఇట్టి యూళ్లలో నాలుగు తావులు కలవు. ఒక్కొక్కదాని గుణదోషములు వేఱు.

మొదటిది మేకమాంసపు దుకాణము. ఉదయమున మేకనో గొఱ్ఱెపోతునో కోసి, కొక్కెమునకు వ్రేలాడదీసి, చింతమొద్దుమీద కొట్టి యిచ్చెడి దుకాణము. చూచుటకు పాతకాలపుదైనను మన బిడ్డకు ఇదియే మేలైనది. అచట మాంసము తప్ప మఱొక వస్తువు లేదు. పిండి వచ్చుటకు దారి లేదు. అయినను రెండు సంగతులు చూడవలయును. ఆ దుకాణమువారు ప్రక్కనే కబాబులు కాల్చి యమ్ముచున్నారా? కీమా మరలో డబల్ రొట్టె పొడి కలిపిన కబాబుముద్ద త్రిప్పుచున్నారా? కీమా మర లోపలి మరకు, జల్లెడకు అంటిన ముద్ద తరువాతివాని మాంసములోనికి తప్పక పోవును. గనుక కీమా కావలసినచో మాంసముగానే తెచ్చికొని, ఇంట కత్తిపీటమీద సన్నగా తఱుగుకొనుట ఉత్తమము. రంజాను మాసమున మఱింత జాగ్రత్త యుండవలయును. హైదరాబాదు హలీము 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ప్రసిద్ధ వంటకము. అది మాంసమును గోధుమను కలిపి గంటలకొలది యుడికించి దంచి చేయునది. మాంసవంటకమని భ్రమపడి ఈ బిడ్డలకు ఒక చెంచాయైనను పెట్టరాదు.

రెండవది కోడిమాంసపు దుకాణము, మనవారు చికెన్ సెంటరు అనునది. అచట మన కన్నుల యెదుటనే కోసి ముక్కలు చేసి యిత్తురు గాన ఉదయమున చాల మంచిది. సాయంకాలము మాత్రము వేఱు. కొన్నిచోట్ల దుకాణము ముందరనే పకోడీ బండి వెలయును. చికెన్ పకోడీకిని, చికెన్ అరువదియైదునకును మైదా కలిపిన పిండి పట్టింతురు. ముక్కలను కోసిన మొద్దే, పిండి కలిపిన చేయే, తూచిన తక్కెడయే యన్నిటికిని వాడుదురు. పిండి గాలిలోను ఎగిరి వాలును. కనుక ఉదయముననే, పకోడీ పని మొదలిడకమునుపే పోయి కొనుట మంచిది. బండిమీది నూనెలో మన బిడ్డకని ఉత్తముక్కలు వేయించి తెచ్చుటయు తగదు; పకోడీలు కాలిన నూనెలో పిండి మునిగియే యుండును.

మూడవది చేపల బుట్ట. చెఱువుచేప తెచ్చి యమ్మెడి బెస్తవారి తట్టలో చేప, నీరు, మంచు తప్ప మఱేమియు నుండవు. నిశ్చింతగా కొనవచ్చును. ఇబ్బంది యింటికి వచ్చిన తరువాతనే. జిగురును నీచును పోవుటకై కొన్నియిండ్లలో చేపలను, బోటిని పిండితో రుద్ది కడుగుదురు. ఆ పిండి గోధుమదైనచో శుద్ధమైన చేపను మనచేతులతోనే చెఱచినట్లగును. ఉప్పు, పసుపు, బియ్యపుపిండి చాలును.

నాలుగవది సూపర్ మార్కెట్టు. తుర్కయాంజాల్, బి.ఎన్. రెడ్డి నగరము దాటి ఎల్.బి. నగరము వఱకు సాగరు దారిపొడవున ఇట్టి పెద్ద అంగళ్లు వెలసినవి. తెల్లని గోడలు, గాజు అల్మారలు, చేతితొడుగులు చూచి ఇదియే శుభ్రమని మనము తలంతుము. క్రిముల విషయమున కావచ్చును; గ్లూటెన్ విషయమున ఇదియే యెక్కువ ప్రమాదమైన తావు. ఏలయన ఆ గాజు వెనుక ఉత్తమాంసమొక్కటే కాదు, మసాలాలో ఊరవేసిన ముక్కలు, డబల్ రొట్టె పొడి దొర్లించిన కట్లెట్లు, సీఖ్ కబాబులు ఒకదాని ప్రక్కన నొకటి యుండును. ఒకే పట్టుకారు, ఒకే తక్కెడ, ఒకే చేతితొడుగు. తొడుగు అమ్మువాని చేతిని రక్షించును గాని మన మాంసమును రక్షింపదు; మార్చనిచో దానిమీది పిండి మన పొట్లములోనికి వచ్చును. అట్టిచోట కొనవలసివచ్చినచో గాజు వెనుకది గాక, ఏ మసాలాయు చేర్చక కర్మాగారమునందే మూసి ముద్రవేసిన ఉత్తమాంసపు పొట్లమును తీసికొనుట మేలు.

పొట్లముమీద చదువవలసినవి

నేటి గృహిణికి చదువు ఎంత అవసరమో ఈ పొట్లములే చెప్పును. మన దేశపు చట్టముచేత పొట్లములోనున్న ద్రవ్యముల పట్టిక దానిమీద అచ్చొత్తవలయును. గోధుమ, యవలు, రై మొదలగు గ్లూటెన్ గల ధాన్యములు చేరినచో ఆ సంగతి వేఱుగా తెలుపవలయును. ఒకే యంత్రముమీద తయారగుటచే అవి సోకవచ్చునని తోచినచో “ఉండవచ్చును” అని వ్రాయుటయు కలదు. ఈ రెండు మాటలలో నేది కనబడినను పొట్లమును మరల అఱలో పెట్టివేయవలయును.

గోధుమ యను పేరు లేకయే గోధుమ యుండెడి తావులు కొన్ని కలవు. బ్రెడ్ క్రంబ్స్, రస్కు పొడి, మైదా, సూజీ ఇవి గోధుమలే. మాల్ట్ అనగా మొలకెత్తించిన యవలు. సోయాసాసు పేరునకు సోయాయైనను, అందు తఱచు గోధుమ చేరును. ఏ ధాన్యముదో చెప్పని స్టార్చిని శంకింపవలయును. అన్నిటికంటె మోసగించునది మన పోపులపెట్టెలోని ఇంగువ. అంగడిలో డబ్బీలలో దొఱకెడి ఇంగువపొడి వట్టి ఇంగువ కాదు. ఘాటు తగ్గించుటకై పిండి కలిపినది. ఆ పిండి తఱచు గోధుమదో మైదాయో అగుచుండును. కలగలుపు మసాలాలోను అది చేరవచ్చును. అందుచేత మసాలా పూసిన మాంసము కొనక, ఉత్తమాంసము కొని, మిరియము, దాల్చినచెక్క, లవంగము, ధనియములు మొదలగువానిని గింజలుగా తెచ్చి ఇంట నూఱుకొనుటకు మించిన క్షేమము లేదు. గిర్నిలో కారము పట్టించువారు, గోధుమలు పట్టిన రాతిమీద మన వస్తువు పడకుండ వేఱు గిర్నిని చూచుకొనవలయును. నగెట్లు, సాసేజీలు, కట్లెట్లు మొదలగు గడ్డకట్టిన సరకుల విషయమున, గ్లూటెన్ లేదని స్పష్టముగా వ్రాసియుండని దానిని తేకుండుటయే మేలు.

అడుగుట యెట్లు?

మన స్త్రీలకు అడుగుట కష్టము. అంగడిలో పదిమంది నిలుచుండగా, “కత్తి కడుగు” మనిన దుకాణదారుడు నొచ్చుకొనునేమో, వెనుకవారు నవ్వుదురేమో యని జంకుదురు. కాని రోజును వచ్చెడి బేరము పోగొట్టుకొన నెవరును కోరరు. మాట మెత్తగా, సంగతి సూటిగా చెప్పినచో చాలును.

“అన్నా, మా పిల్లకు గోధుమపిండి పడదు. కొంచెము తాకినా దవాఖానకు తీస్కపోవుడే. జర కత్తి, మొద్దు సబ్బుతోటి కడిగి కొట్టియ్యవా?”

“అట్లనే అక్కా, ముందుగాల చెప్తివి మంచిగైంది. పొద్దున్నే రా, మొదలు నీదే కొట్టిస్త.”

ఇంతకు మించిన సంభాషణ మక్కఱలేదు. మొదటిమాఱు చెప్పుటయే కష్టము. రెండవమాఱు అతడే జ్ఞప్తియందుంచుకొనును. మూతగల గిన్నెను ఇంటినుండి తీసికొనిపోయి, దానిలోనే వేయించుకొనుట మఱింత మంచిది. అది తక్కెడపళ్లెమునకు తగులకుండ మన గిన్నెనే తక్కెడమీద పెట్టించి, దాని బరువు ముందు తీసివేయింపవచ్చును. అడిగినదానికి విసుగుకొని, “ఏమికాదు తీస్కో” అనెడి దుకాణమును విడిచి మఱొకటి చూచుకొనుటకు సంకోచింపరాదు. అది పౌరుషము కాదు, పథ్యము.

ఇంట చేరిన తరువాత

ఇంత శ్రమపడి తెచ్చిన మాంసమును చపాతీలు చేసిన గట్టుమీద పెట్టినచో శ్రమయంతయు వ్యర్థము. పిండి కలిపిన రోజున గోధుమరజము గట్టుమీదను, గుడ్డమీదను, గరిటెమీదను వాలియుండును. గాన ముందు మాంసము వండి, మూతపెట్టి, తరువాత పిండి ముట్టుకొనుట మంచి క్రమము. బిడ్డకు కత్తి, పలక, గరిటె, జల్లెడ వేఱుగా నుండవలయును. గీతలుపడిన కఱ్ఱపలకయు, చపాతీలు కాల్చెడి పెనమును ఈ బిడ్డ వంటకు వాడరాదు. ఉక్కుపాత్రలను చక్కగా తోమినచో వాడవచ్చును. కోడిని ధారక్రింద పెట్టి కడుగునప్పుడు నీటితుంపరలతో క్రిములు గట్టంతయు వ్యాపించును గాన ఆ యలవాటును తగ్గించుకొనుట అందఱికిని మంచిది. పులుసు చిక్కబడుటకు పిండి కలుపువారు బియ్యపుపిండిగాని, వేయించి నూఱిన పల్లీలుగాని, నువ్వులుగాని వాడుకొనవచ్చును. ప్రక్కన జొన్నరొట్టె యుండనే యున్నది. మన జిల్లాలోనే, రాజేంద్రనగరమున, చిఱుధాన్యముల జాతీయ పరిశోధనాలయము వెలసియున్నది. మన అవ్వలు తినిన జొన్న, సజ్జ, కొఱ్ఱలే ఈ బిడ్డలకు నేడు దివ్యాన్నము. కొనునప్పుడు గోధుమతో కలిసి మరపట్టినవి కాకుండ మాత్రము చూచుకొనవలయును.

బంధువుల యింట

అంగడికంటె కష్టమైనది బంధువుల పందిరి. దసరానాటి విందులో మేనత్త ప్రేమతో కబాబుముక్కను బిడ్డ నోటిలో పెట్టబోవును. తల్లి వలదనగానే, “ఒక్క ముక్కకు ఏమగును? మేము పిల్లలను పెంచలేదా?” అని అత్తగారు చిన్నబుచ్చుకొనును. వారిది ప్రేమయే, అజ్ఞానమును ప్రేమయే. కాని ఒక్క ముక్కలోని పిండి ఎంతయో పైన లెక్క చూచితిమి. బిడ్డకు ఆనాడు ఏమియు కాకపోవచ్చును. వాంతియు విరేచనమును రాకపోవచ్చును. అయినను ప్రేగులోని మొలక లణగుట బయటికి కనబడదు. నొప్పి లేదు గనుక హాని లేదనుకొనుటయే ఈ వ్యాధిలో గొప్ప మోసము. పెద్దవారికి కోపము తెప్పించుటకంటె, విందునకు రెండురోజులముందే పోయి, “అత్తమ్మా, పిల్లకు డాక్టరుగారు గోధుమ మాన్పించినారు, ఆమెకు కూర వేఱే గిన్నెలో నేనే తెచ్చుకొందును” అని చెప్పుట మంచిది. ముందు చెప్పినది మర్యాద యగును, అప్పటికప్పుడు చెప్పినది తగవగును.

ఇంకొక మాట. ఆడపిల్లయైనచో ఈ సంగతిని దాచెడివారు కలరు. తెలిసినచో రోగిష్టిదని పేరు పడునని, పెండ్లికి అడ్డమగునని భయపడి అందఱితోపాటు తినిపింతురు. దీనికంటె కీడు లేదు. పథ్యము తప్పినచో పిల్ల రక్తహీనయై, ఎదుగక, రేపు తల్లి యగుటలోను కష్టపడవచ్చును. పథ్యము తప్పనిచో ఆమె అందఱివలె చదువుకొని, పనిచేసి, సంసారము చేసికొని, బిడ్డలను కనును. అనగా దాచుటవలననే ఆమె రోగిష్టి యగును. చెప్పుటవలన ఆరోగ్యవంతురా లగును. పిల్లకును పదియేండ్లు రాగానే తానే అడుగుట నేర్పవలయును. తల్లి యెల్లప్పుడును వెంట నుండదు. రేపు పట్నమున వసతిగృహములో ఉండి చదువుకొనునప్పుడు, “ఇందులో మైదా కలదా? ఈ పట్టుకారు దేనికి వాడినారు?” అని నదురు బెదురు లేక అడుగగల పిల్లకు లోకములో ఎచ్చటనైనను అన్నము దొఱకును.

మనలో చాలమందికి ఈ వ్యాసముతో నేడు అవసరము లేదు, అది సంతోషమే. అయినను మన దుకాణమున ఒకనాడు మన ముందు నిలుచున్న స్త్రీ కత్తి కడుగుమని దుకాణదారు నడిగినచో, ఆలస్యమగుచున్నదని మనము విసుగుకొనవలదు. ఆ రెండు నిమిషములు మన కూరను ఆలస్యము చేయును. ఆమె బిడ్డకు ఆయుష్షు పోయును.